యుద్ధకాలపు అమెరికాలో ఐరిష్ వలస స్త్రీ జీవితం, దాంపత్యం: మేరీ హ్యారిస్ జోన్స్ - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో ఐర్లండ్ నుండి అమెరికాకు వలస వెళ్ళినవారిలో స్త్రీలు దాదాపు సగం మంది. వారిలో పెక్కుమంది అంతర్యుద్ధ కాలంలోనే వివాహం చేసుకున్నారు, బిడ్డలను కన్నారు, భర్తలను పోగొట్టుకున్నారు. వారి దాంపత్యానికి సంబంధించిన ఆధారాలు నేడు ప్రధానంగా వితంతు పింఛను దస్త్రాలలో లభిస్తున్నాయి. ఆ దస్త్రాలకు ఎక్కని జీవితాలు ఎలా మిగిలాయి అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. కార్క్ నగరంలో పుట్టి, 1861లో మెంఫిస్‌లో ఇనుప పోతపని కార్మికుణ్ణి వివాహమాడి, 1867లో భర్తనూ నలుగురు బిడ్డలనూ కోల్పోయిన మేరీ హ్యారిస్ జోన్స్ జీవితం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఐర్లండ్ క్షామం, స్త్రీల వలస, అమెరికా అంతర్యుద్ధం, వితంతు పింఛను, మెంఫిస్, పచ్చజ్వరం, కార్మికోద్యమం.

1. ఉపోద్ఘాతం

యుద్ధచరిత్రలలో సేనానుల పేర్లు, రణరంగాల తేదీలు విస్తారంగా కనిపిస్తాయి. అదే కాలంలో పొయ్యి వెలిగించి, పిల్లలను సాకి, ఇంటి యజమాని తెచ్చే కూలికోసం ఎదురుచూసిన స్త్రీలు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. పరదేశం నుండి వచ్చిన పేద స్త్రీ విషయంలో ఈ మౌనం మరింత గాఢమైనది. ఆమెకు ఆస్తి లేదు కనుక ఆస్తిపత్రాలు లేవు. చాలాసార్లు చదువు లేదు కనుక దినచర్యలు, లేఖలు లేవు. జనగణన పట్టికలో ఒక పేరు, చర్చి పుస్తకంలో ఒక వివాహం, శ్మశానంలో ఒక గుర్తు - ఇంతవరకే ఆమె జాడ తెలుస్తుంది.

మేరీ హ్యారిస్ జోన్స్ విషయం దీనికి భిన్నంగా ఉండవలసింది. 'మదర్ జోన్స్' అన్న పేరుతో ఆమె అమెరికా కార్మికోద్యమంలో ప్రముఖ నాయకురాలైంది. 1925లో ఆత్మకథ ప్రచురించింది. అయినా ఆ ఆత్మకథలో ఆమె బాల్యం, చదువు, వివాహం, సంసారం, సర్వనాశనం అన్నీ మొదటి అధ్యాయంలోని కొద్ది పేరాలలోనే ముగిసిపోతాయి. దేశం రెండుగా చీలి నాలుగేళ్ళు పోరాడిన కాలంలో ఆమె సంసారం సాగింది. ఆ సంసారం గురించి చెప్పిన పేరాలలో యుద్ధం ఊసే లేదు. ఈ మౌనాన్ని అర్థం చేసుకోవాలంటే ఆమె ఎక్కడి నుండి వచ్చిందో, ఏ నగరంలో కాపురం పెట్టిందో, ఆ కాలంలో ఆమెవంటి స్త్రీలకు ఏమి జరిగిందో ముందుగా తెలుసుకోవాలి.

2. క్షామం, వలస

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. భూమి ప్రధానంగా భూస్వాముల చేతుల్లో ఉండగా, కౌలుదారులూ కూలీలూ చిన్న చిన్న కమతాలలో పండే దుంపమీదనే ఆధారపడి బతికేవారు. వరుసగా పంటలు పోవడంతో 1852 వరకు సాగిన క్షామంలో సుమారు పది లక్షలమంది మరణించారు. పది లక్షలకు పైగా దేశం విడిచిపోయారు. 1841లో ఎనభై లక్షలు దాటిన జనాభా 1851 నాటికి సుమారు అరవై అయిదు లక్షలకు పడిపోయింది. అదే కాలంలో ఐర్లండ్ రేవుల నుండి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. తెగులు ప్రకృతి తెచ్చినదైనా, ఆకలి మాత్రం భూమి హక్కులూ పాలనావిధానాలూ కలిసి తెచ్చినదన్న భావం ఐరిష్ ప్రజల జ్ఞాపకంలో స్థిరపడిపోయింది.

ఈ వలసకు ఒక ప్రత్యేకత ఉంది. ఐరోపాలోని ఇతర దేశాల నుండి ముందుగా పురుషులు, వారి వెనుక కుటుంబాలు వెళ్ళడం పరిపాటి. ఐర్లండ్ నుండి పెళ్ళికాని యువతులు తమంత తాముగా పెద్ద సంఖ్యలో వెళ్ళారు. క్షామానంతర ఐర్లండ్‌లో వివాహం భూమితోనూ కట్నంతోనూ గట్టిగా ముడిపడింది. పెళ్ళిళ్ళ పేరయ్యల వంటి మధ్యవర్తులు ఇరుపక్షాల పొలం, పశువులు లెక్కచూసి సంబంధం కుదిర్చేవారు. ఒక కుమార్తెకు కట్నం ఇస్తే మిగిలినవారికి ఇవ్వడానికి ఏమీ మిగలని ఇళ్ళు ఎన్నో. అటువంటి ఇళ్ళలోని ఆడపిల్లకు అమెరికా ఓడ టికెట్టే స్త్రీధనమైంది. ముందు వెళ్ళిన అక్క ఇంటిపని చేసి కూడబెట్టిన సొమ్ముతో చెల్లెలికి టికెట్టు పంపేది. ఆ చెల్లెలు మరొక చెల్లెలికి పంపేది.

1860 జనగణన నాటికి అమెరికాలో ఐర్లండ్‌లో పుట్టినవారు సుమారు పదహారు లక్షలమంది. న్యూయార్క్ నగరంలోనే వారి సంఖ్య రెండు లక్షలు దాటింది. అంటే నగర జనాభాలో నాలుగోవంతు. స్త్రీలలో అత్యధికులు ధనికుల ఇళ్ళలో పనిమనుషులుగా చేరారు. ఇంటిపనిలో కూలి తక్కువైనా తిండి, నివాసం ఉండేవి కనుక డబ్బు మిగిలేది. 1850లో న్యూయార్క్‌లో వెలసిన ఎమిగ్రెంట్ ఇండస్ట్రియల్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారులలో పనిమనుషులు ఎందరో ఉన్నారు. ఖాతాదారును గుర్తుపట్టడానికి ఆ బ్యాంకు పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వచ్చిన ఓడ వంటి వివరాలు రాసుకునేది. నేటి పరిశోధకులకు అవే ఆ స్త్రీల జీవితకథలకు మూలాలు. మరోవైపు, ఐరిష్‌వారు దరఖాస్తు చేయనక్కరలేదని షరతుపెట్టిన ప్రకటనలు పత్రికలలో వచ్చేవి. 'బ్రిడ్జెట్' అన్నది వ్యంగ్య చిత్రాలలో మొరటు పనిమనిషికి మారుపేరైంది.

3. మేరీ హ్యారిస్: కార్క్ నుండి మెంఫిస్ వరకు

తాను 1830 మే 1న పుట్టానని మేరీ చెప్పుకుంది. కార్క్ నగరంలోని సెయింట్ మేరీస్ చర్చి పుస్తకంలో ఆమె జ్ఞానస్నానం 1837 ఆగస్టు 1న నమోదైంది. మే 1 కార్మిక దినం కావడం, వయసు పెరిగినకొద్దీ కార్మికులలో 'అమ్మ'గా గౌరవం పెరగడం గమనిస్తే, ఆమె చెప్పిన తేదీని జనన వివరంగా కాక ప్రజాజీవితంలో ఆమె నిర్మించుకున్న వ్యక్తిత్వంలో భాగంగా చూడడం సమంజసం. చర్చి నమోదును ప్రమాణంగా తీసుకుంటే క్షామం మొదలైనప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. తెగులు సోకిన పొలాలు, ఊళ్ళు ఖాళీ అయిపోవడం ఊహ తెలిసిన వయసులో చూసిన తరం అది.

ఆమె తండ్రి రిచర్డ్ హ్యారిస్ ముందుగా అమెరికా ఖండానికి వెళ్ళి కూలిపని చేశాడు. తరువాత కుటుంబం కెనడాలోని టొరంటో చేరింది. 1847 వేసవిలో ఆ నగరానికి ముప్ఫై ఎనిమిది వేలకు పైగా క్షామపీడితులు వచ్చారు. అప్పటి నగర జనాభా సుమారు ఇరవై వేలు మాత్రమే. అటువంటి నగరంలో ఐరిష్ కాథలిక్కు కుటుంబానికి ఆదరణ సులభంగా లభించేది కాదు. అయినా మేరీ కుట్టుపని నేర్చుకుంది. టొరంటో నార్మల్ స్కూల్లో ఉపాధ్యాయ శిక్షణ పొందింది. ఈ విషయంలో ఆమె సగటు ఐరిష్ వలస స్త్రీకంటే భిన్నమైనది. ఆమెకు అక్షరం ఉంది, చేతిలో వృత్తి ఉంది.

1859 ఆగస్టు చివరలో మిషిగన్ రాష్ట్రంలోని మన్రో పట్టణంలో ఒక కాన్వెంటు పాఠశాలలో నెలకు 8 డాలర్ల జీతానికి ఉపాధ్యాయినిగా చేరింది. కొద్ది నెలలకే ఆ పని విడిచి షికాగోలో కుట్టుపని చేసింది. పిల్లలమీద పెత్తనం చేయడంకంటే సూది పట్టడమే తనకు ఇష్టమని తరువాతి కాలంలో రాసుకుంది. మళ్ళీ బోధనవృత్తికే మెంఫిస్ చేరింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఒంటరి యువతి మూడు నగరాలు మారి, ప్రతిచోటా సొంత సంపాదనతో బతకడం ఆనాటి ఐరిష్ స్త్రీలకు అసాధారణం కాదు. వలస వారికి పేదరికాన్ని పూర్తిగా తప్పించలేదు. ఎక్కడ పనిచేయాలి, ఎవరిని పెళ్ళాడాలి అన్న నిర్ణయాన్ని మాత్రం కొంతవరకు వారి చేతికే ఇచ్చింది.

4. మెంఫిస్‌లో వివాహం

మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మెంఫిస్ అప్పట్లో పత్తి వ్యాపారంతో వేగంగా పెరుగుతున్న రేవు నగరం. 1857లో చార్ల్స్‌టన్ వైపు వెళ్ళే రైలుమార్గంతో అది తూర్పు తీరానికి అనుసంధానమైంది. స్టీమరు పడవలకు, రైళ్ళకు, పత్తి యంత్రాలకు కావలసిన ఇనుప భాగాలు పోతపోసే కర్మాగారాలు అక్కడ వెలిశాయి. 1860లో ఇరవై రెండు వేలు దాటిన ఆ నగర జనాభాలో అయిదింట ఒక వంతుకు దగ్గరగా ఐరిష్‌వారే. బానిసల కష్టం మీద నిలిచిన ఆ నగరంలో ఐరిష్ కూలీలు నది ఒడ్డునా పల్లపు ప్రాంతాలలోనూ నివసించేవారు.

1861లో మేరీ జార్జ్ జోన్స్‌ను వివాహం చేసుకుంది. అతడు ఇనుప పోతపని కార్మికుడు. ఇసుకలో అచ్చు తీర్చి, కరిగిన ఇనుమును అందులో పోసి, యంత్రభాగాలు తయారుచేయడం అతని వృత్తి. అచ్చులో తడి పాలు కొంచెం ఎక్కువైనా ఆవిరి పేలి ప్రాణాంతకమయ్యే పని అది. దానికి చేతి నేర్పు, ఏళ్ళ అనుభవం కావాలి. కాబట్టి పోతపనివారు కార్మికులలో మెరుగైన కూలి పొందేవారు, తమ నేర్పును చూసి గర్వించేవారు. 1859లో వారికి జాతీయ సంఘం ఏర్పడింది. యుద్ధం మొదలవగానే అది చెదిరిపోగా 1863లో విలియమ్ సిల్విస్ దానిని పునరుద్ధరించాడు. జార్జ్ ఆ సంఘంలో నిష్ఠగల సభ్యుడు.

వారి ప్రేమ ఎలా మొదలయిందో చెప్పే పత్రం ఏదీ వెలుగులోకి రాలేదు. ఆత్మకథలో మేరీ తన భర్త గురించి చెప్పిన విషయాలు రెండే: అతని వృత్తి, సంఘంపట్ల అతని నిష్ఠ. ఒక వృద్ధురాలు అరవై ఏళ్ళ తరువాత భర్తను తలచుకుంటూ అతని రూపాన్ని కాక, మాటను కాక, పనినీ సంఘాన్నీ మాత్రమే చెప్పడం గమనింపదగినది. తన ప్రజాజీవితానికి మూలం ఆ ఇంట్లోనే ఉందని ఆమె చెప్పదలచుకున్నట్లు దీనిని గ్రహించవచ్చు. అంతకుమించి ఊహించడం ఆధారం లేని పని.

5. యుద్ధంలో ఒక సంసారం

1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై దాడితో యుద్ధం మొదలైంది. జూన్ 8న టెనెసీ ప్రజలు సమాఖ్య నుండి విడిపోవడానికి ఓటు వేశారు. ఐరిష్‌వారు ఇరుపక్షాలా పోరాడారు. ఉత్తర సైన్యంలో ఐర్లండ్‌లో పుట్టినవారు సుమారు లక్షా యాభై వేలు. వాటర్‌ఫర్డ్‌కు చెందిన థామస్ ఫ్రాన్సిస్ మీగర్ నాయకత్వంలోని ఐరిష్ బ్రిగేడ్ 1862లో యాంటీటమ్, ఫ్రెడరిక్స్‌బర్గ్ పోరాటాలలో తీవ్రంగా నష్టపోయింది. దక్షిణ సైన్యంలోని పాట్రిక్ క్లెబర్న్ మేరీ స్వస్థలమైన కార్క్ ప్రాంతంవాడే. మెంఫిస్ ఐరిష్‌వారిలో కొందరు దక్షిణ సైన్యంలో చేరారు. ఒకే క్షామాన్ని తప్పించుకుని వచ్చినవారు పరాయి నేలమీద ఎదురెదురుగా నిలిచి కాల్చుకున్నారు.

మెంఫిస్‌కు యుద్ధం గుమ్మంలోకే వచ్చింది. 1862 జూన్ 6 ఉదయం మిసిసిపీ నదిలో రెండు నౌకాదళాలు తలపడ్డాయి. వేలమంది నగరవాసులు ఒడ్డునున్న గుట్టలమీద నిలబడి ఆ పోరాటం చూశారు. రెండు గంటలైనా గడవకముందే దక్షిణ నౌకాదళం నాశనమైంది. నగరం ఉత్తర సైన్యం వశమై యుద్ధాంతం వరకు అలాగే ఉంది. దక్షిణ ప్రభుత్వ నోట్లు విలువ కోల్పోయాయి. పత్తి దొంగవ్యాపారం పెరిగింది. బానిసత్వం నుండి తప్పించుకున్న నల్లజాతివారు వేలసంఖ్యలో నగరం చేరి శిబిరాలలో తలదాచుకున్నారు. దేశమంతటా ధరలు పెరిగాయి.

ఈ సంవత్సరాలలోనే మేరీకి నలుగురు బిడ్డలు పుట్టారు: క్యాథరిన్, ఎలిజబెత్, టెరెన్స్, మేరీ. పెద్దపిల్ల పుట్టింది 1862లో, నగరం చేతులు మారిన ఏడాది. సైనిక పాలనలోని నగరంలో, సరుకుల కొరత నడుమ, చంటిపిల్లలతో సంసారం ఈదడమే ఆమె యుద్ధానుభవం. యుద్ధం ముగిసినా శాంతి రాలేదు. 1866 మే 1 నుండి 3 వరకు మెంఫిస్‌లో శ్వేతజాతి మూకలు నల్లజాతి ప్రజలపై దాడిచేసి 46 మందిని చంపాయి. ఇళ్ళను, చర్చిలను, పాఠశాలలను తగులబెట్టాయి. ఆ మూకలలోనూ, వారికి అండగా నిలిచిన నగర పోలీసులలోనూ ఐరిష్‌వారు అధికం. అంతకు మూడేళ్ళ ముందు, 1863 జూలైలో, నిర్బంధ సైనిక సేవకు వ్యతిరేకంగా న్యూయార్క్‌లో చెలరేగిన అల్లర్లలోనూ ఇదే జరిగింది. 300 డాలర్లు చెల్లించగలవాడు సైన్యాన్ని తప్పించుకోవచ్చునన్న చట్టంపై పేదల ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఆ ఆగ్రహం నల్లజాతివారి ప్రాణాలమీదికి మళ్ళింది. నల్లజాతి అనాథ బాలల ఆశ్రమం సైతం కాలిపోయింది. అల్లరి మూకలలో ఐరిష్ స్త్రీలూ ఉన్నారు. పీడితులైనవారు తమకంటే పీడితులైనవారిని పీడించిన ఈ ఘట్టాన్ని విడిచిపెట్టి ఐరిష్ వలస చరిత్ర చెప్పడం సత్యానికి దూరం.

6. దాంపత్యానికి రుజువు: వితంతు పింఛను దస్త్రాలు

యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీ జీవితం ఎలా నమోదైందో ఇక్కడ పరిశీలించాలి. 1861 ఆగస్టు తరువాత ఉత్తర సైన్యంలో సామాన్య సైనికుని జీతం నెలకు 13 డాలర్లు. అది నెలల తరబడి ఆలస్యమయ్యేది. జీతం అందినప్పుడు సైనికులు ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ వంటి రవాణా సంస్థల ద్వారా ఇంటికి డబ్బు పంపేవారు. అది అందిందో లేదో అన్న ఆందోళన, అద్దె ఎలా కట్టారన్న ప్రశ్న, పిల్లల ఆరోగ్యం, తన క్షేమం ఆ ఉత్తరాలలో కలగలిసి ఉంటాయి. రాయడం రాని సైనికుడు తోటివానిచేత రాయించేవాడు. చదవడం రాని భార్య పొరుగువారిచేత చదివించుకునేది. కనుక ఆ ఉత్తరాలలోని ప్రేమ ఎన్నడూ పూర్తిగా ఇద్దరి మధ్యనే ఉండలేదు.

1862 జూలై 14 నాటి చట్టం ప్రకారం సైన్యసేవలో కలిగిన గాయంవల్లగాని రోగంవల్లగాని సైనికుడు మరణిస్తే అతని వితంతువుకు నెలకు 8 డాలర్ల పింఛను లభించేది. కొడుకు సంపాదనపై ఆధారపడిన తల్లి కూడా అర్హురాలే. 1866లో ఒక్కొక్క బిడ్డకు అదనంగా నెలకు 2 డాలర్లు చేర్చారు. వితంతువు మళ్ళీ పెళ్ళాడితే ఆమె పింఛను ఆగిపోయేది.

పింఛను పొందాలంటే వివాహం జరిగిందని రుజువు చేయాలి. ఐర్లండ్‌లోని పల్లె చర్చిలో పెళ్ళయిన స్త్రీ ఆ చర్చి గురువుకు ఉత్తరం రాయించి ధ్రువపత్రం తెప్పించుకోవాలి. అది దొరకకపోతే పెళ్ళి చూసినవారిని వెదకి ప్రమాణపత్రాలు రాయించాలి. బిడ్డల జ్ఞానస్నానపు వివరాలు చూపాలి. చాలినన్ని సాక్ష్యాలు లేనప్పుడు భర్త యుద్ధరంగం నుండి రాసిన ఉత్తరాలనే కార్యాలయానికి సమర్పించాలి. కొడుకు తనను పోషించేవాడని చూపడానికి తల్లులు సమర్పించిన ఉత్తరాలు కూడా ఇలాగే దస్త్రాలలో చేరాయి. సంతకం చేయలేని స్త్రీలు దరఖాస్తు కింద గీత గుర్తు పెట్టేవారు. భర్త మిగిల్చిన ఏకైక ఆస్తి అయిన ఉత్తరాన్ని 8 డాలర్లకోసం ప్రభుత్వానికి అప్పగించిన స్త్రీ మనఃస్థితిని ఏ దస్త్రమూ నమోదు చేయలేదు. ఆ ఉత్తరాలలో చాలా భాగం తిరిగి ఆమెకు చేరలేదు. అవి నేడు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి.

1882లో మరొక చట్టం వచ్చింది. వితంతువు పెళ్ళి లేకుండా బహిరంగంగా పరపురుషునితో సహజీవనం చేస్తే ఆమె పింఛను రద్దవుతుందని అది శాసించింది. దాంతో ప్రత్యేక విచారణాధికారులు ఇరుగుపొరుగువారిని ప్రశ్నించి ఆమె శీలంపై నివేదికలు రాశారు. భర్త బతికి ఉన్నప్పటి ప్రేమకు రుజువు అడిగిన రాజ్యం, అతడు పోయిన తరువాత ఆమె ఒంటరితనానికి కూడా రుజువు అడిగింది. ఆ స్త్రీలకు ఇది అవమానం. వారి జీవితవివరాలు నేటికీ నిలిచి ఉండడానికీ అదే కారణం. ఈ రెండూ ఒకే దస్త్రంలో ఉన్నాయన్న స్పృహతోనే పరిశోధకులు వాటిని చదవాలి.

7. దస్త్రాలకు ఎక్కని మరణం

1867 శరత్కాలంలో మెంఫిస్‌లో పచ్చజ్వరం వ్యాపించింది. ఆ రోగాన్ని దోమ మోసుకువస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే ఆ సిద్ధాంతాన్ని ప్రతిపాదించింది 1881లో. అది ప్రయోగపూర్వకంగా నిర్ధారణ అయింది 1900లో. నిలవనీరు ఉండే పల్లపు వాడలలో రోగం మొదట విజృంభించింది. డబ్బున్నవారు నగరం విడిచిపోయారు. పేదలు ఉండిపోయారు. మేరీ ఇంట్లో నలుగురు పిల్లలూ ఒకరి తరువాత ఒకరు మరణించారు. జార్జ్ కూడా మరణించాడు. పిల్లల దేహాలను తానే కడిగి అంత్యక్రియలకు సిద్ధం చేశానని, ఆ రాత్రులలో తన దగ్గరికి ఎవరూ రాలేకపోయారని, చుట్టుపక్కల ఇళ్ళన్నీ తన ఇంటివలెనే ఉన్నాయని ఆమె ఆత్మకథలో రాసింది. భర్త అంత్యక్రియలు కార్మిక సంఘమే జరిపించింది. ఆ తరువాత ఆమె అనుమతి తీసుకుని ఇతర రోగులకు సేవచేసింది.

అంతర్యుద్ధంలో మరణించిన సైనికులలో మూడింట రెండు వంతులమంది గాయాలవల్ల కాక రోగాలవల్ల మరణించారు. ఉత్తర సైనికుడొకడు దుస్తుల మీద సైనిక చిహ్నంతో జ్వరం వచ్చి మరణిస్తే అతని భార్యకు పింఛను, అతని పేరిట దస్త్రం ఉంటాయి. అదే జ్వరం పోతపని కార్మికుణ్ణి అతని ఇంట్లో బలిగొంటే ఆమెకు పింఛను లేదు, దస్త్రం లేదు. దక్షిణ సైనికుల భార్యలకు కూడా ఈ సమాఖ్య పింఛను వర్తించలేదు. జార్జ్ మరణించినప్పుడు రాజ్యం మేరీని ఏ రుజువూ అడగలేదు. ఆమె దాంపత్యం గురించి మనకు ఇంత తక్కువ తెలియడానికి ఒక ప్రధాన కారణం అదే. ప్రేమ తక్కువై చరిత్రలో తక్కువగా నమోదు కాలేదు. ప్రేమను నమోదు చేయవలసిన అవసరం రాజ్యానికి కలగలేదు.

ఆ సమయంలో ఆమెకు అండగా వచ్చినది కార్మిక సంఘం. మృతుణ్ణి గౌరవంగా సాగనంపడం, వితంతువుకు ఆసరాగా నిలవడం ఆనాటి వృత్తిసంఘాల ప్రధాన ధర్మాలలో ఒకటి. రాజ్యం గుర్తించని మరణాన్ని సంఘం గుర్తించింది. తరువాతి జీవితంలో మేరీ సంఘాన్ని ఎందుకు ఒక కుటుంబంగా భావించిందో ఈ ఘట్టం వెలుగులో అర్థమవుతుంది.

8. తరువాతి జీవితంపై ఆ సంసారపు ముద్ర

మేరీ షికాగో తిరిగివెళ్ళి మళ్ళీ కుట్టుపని చేపట్టింది. ధనికుల ఇళ్ళలో కుడుతూ, కిటికీ బయట చలికి వణికే నిరుపేదలను గమనించేదానినని రాసింది. 1871 అక్టోబరులో సంభవించిన షికాగో మహాగ్నిప్రమాదంలో ఆమె దుకాణం కూడా కాలిపోయింది. ఆ తరువాత ఆమె కార్మికోద్యమంలోకి వచ్చింది. బొగ్గుగని కార్మికుల సంఘానికి సంచార నిర్వాహకురాలైంది. నల్లని దుస్తులు, ముసలమ్మ రూపం, 'మదర్' అన్న పిలుపు ఆమె గుర్తులయ్యాయి. గని కార్మికులను ఆమె తన బిడ్డలుగా సంబోధించేది. 1902లో పడమటి వర్జీనియాలో ఒక ప్రభుత్వ న్యాయవాది ఆమెను అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన స్త్రీగా వర్ణించాడు. 1903లో ఫిలడెల్ఫియా బట్టల మిల్లులలో పనిచేసే బాలకార్మికులను వెంటబెట్టుకుని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ నివాసం వరకు యాత్ర సాగించింది. అతడు వారిని కలవలేదు. కానీ మిల్లులలో వేళ్ళు తెగిన పసివాళ్ళను దేశం చూసింది.

బిడ్డలను పోగొట్టుకున్న తల్లి లోకమంతటినీ బిడ్డలుగా చూసుకుందని చెప్పడం సులభం. అది పూర్తి వివరణ కాదు. 1867లో ఎందరో తల్లులు బిడ్డలను కోల్పోయారు, వారందరూ ఉద్యమకారిణులు కాలేదు. మేరీకి అక్షరజ్ఞానం ఉంది, ఒంటరిగా నగరాలు మారిన అనుభవం ఉంది, భర్త ద్వారా సంఘజీవితం తెలుసు. ఈ మూడూ ఆమె దుఃఖానికి ఒక దారి చూపాయి. ఆమె ఆలోచనలలోని ఒక వైరుధ్యం కూడా ఆ సంసారం నుండే అర్థమవుతుంది. బహిరంగ వేదికలెక్కి ప్రసంగించిన ఈ స్త్రీ, స్త్రీల ఓటుహక్కు ఉద్యమంపట్ల ఆసక్తి చూపలేదు. కార్మికునికి న్యాయమైన కూలి లభిస్తే తల్లి పసిబిడ్డలను విడిచి మిల్లుకు పోనక్కరలేదని ఆమె వాదన. నేర్పుగల పనివాని సంపాదనతో నలుగురు బిడ్డలతో సాగిన ఆరేళ్ళ కాపురం ఆమెకు ఆదర్శంగా మిగిలిందని భావించవచ్చు.

ఆమె 1930 నవంబరు 30న మరణించింది. ఇలినాయ్ రాష్ట్రంలోని మౌంట్ ఆలివ్ పట్టణంలో, గని కార్మికుల శ్మశానవాటికలో ఆమె కోరిక ప్రకారం సమాధి చేశారు.

9. ముగింపు

1. క్షామానంతర ఐర్లండ్‌లో భూమి, కట్నం వివాహాన్ని నిర్ణయించగా, వలస ఐరిష్ యువతులకు సొంత సంపాదననూ, దానితోపాటు జీవిత భాగస్వామిని ఎంచుకునే కొంత స్వేచ్ఛనూ ఇచ్చింది.

2. అంతర్యుద్ధం ఆ స్త్రీల దాంపత్యాన్ని రెండు విధాల నమోదు చేసింది. ఉత్తర సైనికుల వితంతువుల ప్రేమ పింఛను దస్త్రాలలో సాక్ష్యంగా నిలిచింది. మిగిలినవారిది జ్ఞాపకంలో మాత్రమే నిలిచింది.

3. దస్త్రం ఉన్నంత మాత్రాన ఆ ప్రేమ గొప్పదీ కాదు, లేనంత మాత్రాన తక్కువదీ కాదు. ఆధారాల లభ్యతను రాజ్యం అవసరాలు నిర్ణయించాయన్న ఎరుకతో వలస స్త్రీల చరిత్రను రాయాలి.

4. ఐరిష్ వలసదారులు పీడితులుగానే కాక, న్యూయార్క్‌లోనూ మెంఫిస్‌లోనూ నల్లజాతివారిని పీడించినవారుగా కూడా చరిత్రలో ఉన్నారు. ఈ రెండింటినీ కలిపి చదవాలి.

5. మేరీ హ్యారిస్ జోన్స్ తన భర్త గురించి రాసిన వాక్యాలు కొన్నే. అతడు నమ్మిన సంఘధర్మాన్ని మాత్రం అతని మరణం తరువాత దశాబ్దాలపాటు ఆచరించింది. పచ్చజ్వరంలో పోయిన ఒక పోతపని కార్మికుని పేరు నేటికీ మిగిలి ఉన్నది ఆమె తన పేరు చివర నిలుపుకున్నందువల్లనే.